గుడి నుండి బడికి: శ్రీ నారాయణగురు జీవితం

భారతదేశంలో అద్వైతం బోధించిన ఆచార్యులకు కొదువ లేదు. సమస్త భూతములలో వెలుగునది ఒకే చైతన్యమని చదువని పండితుడు లేడు, చెప్పని పౌరాణికుడు లేడు. అయినను ఆ మాట విన్న చెవులతోనే, ఊరి నడిమి బాటపై కొందరికి నడిచే హక్కు లేదన్న మాటను కూడ మన సమాజం శతాబ్దాల తరబడి వింటూ వచ్చినది. ఈ రెండు మాటలు ఒక్క చోట ఎట్లు ఇముడునని ప్రశ్నించి, వాదంతో గాక ఆచరణతో సమాధానం చెప్పిన మహనీయులలో కేరళదేశీయులైన శ్రీ నారాయణగురు అగ్రగణ్యులు. ఆయన 1856లో జన్మించి 1928లో పరమపదించినారు. ఆయన గుడులు కట్టించిన సాధువు మాత్రమే అనుకొనువారు కలరు. ఒక కులానికి మేలు చేసిన నాయకుడు మాత్రమే అనుకొనువారును కలరు. ఈ రెండు అభిప్రాయాలను సవరించుటకు వేరే గ్రంథాలు వెదకనక్కరలేదు. ఆయన జీవితమే చాలును.

నాటి తిరువాంకూరు

నారాయణగురు పుట్టిననాటికి కేరళం ఒకే పాలన క్రింద లేదు. దక్షిణాన తిరువాంకూరు, దానికి ఉత్తరంగా కొచ్చి సంస్థానాలుండేవి. ఆ పైని మలబారు జిల్లా ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలో చేరి ఉండేది. పాలనలు వేరైనా కులాచారం మాత్రం మూడింటను ఇంచుమించు ఒక్కటే. తక్కిన దేశంలో తాకితే కలిగే అంటు అచ్చట దూరం నుండియే కలిగేది. ఏ కులంవాడు ఏ కులంవానికి ఎన్ని అడుగుల దూరంలో నిలువవలెనో ఒక లెక్క ఉండేది. 1892లో ఆ ప్రాంతంలో సంచరించిన వివేకానందస్వామి పిమ్మట ఒక ఉపన్యాసంలో దానిని పిచ్చివారి ఆసుపత్రితో పోల్చినారంటే ఆ దురాచారం ఎంత ముదిరినదో ఊహింపవచ్చును.

నారాయణగురు ఈళవ కుటుంబంలో పుట్టినారు. జనసంఖ్యలో పెద్దదైన ఆ కులంవారు కొబ్బరితోటల పెంపకం, కల్లుగీత, నేత, సేద్యం మున్నగు పనులతో జీవించేవారు. కొన్ని కుటుంబాలలో సంస్కృత విద్య, ఆయుర్వేదం తరతరాలుగా నిలిచి ఉండేవి. అయినప్పటికి వారికి పెద్ద గుడులలో ప్రవేశం లేదు. ప్రభుత్వోద్యోగం అందదు. ఇందులో గమనింపదగిన సంగతి మరొకటి కలదు. ఈళవులను దూరంగా నిలిపిన ఆచారమే, వారు పులయ, పరయ మున్నగు కులాలవారిని దూరంగా నిలుపుటకు అనుమతి ఇచ్చినది. పై మెట్టువాడు చేసిన అవమానానికి కుమిలిపోయేవాడే క్రింది మెట్టువానికి అదే అవమానం చేసేవాడు. ఈ నిచ్చెన స్వరూపం మనసులో పెట్టుకొననిదే నారాయణగురు చేసిన పనియొక్క కష్టం బోధపడదు.

బాల్యం, విద్య, తపస్సు

తిరువనంతపురానికి సమీపాన గల చెంపళంతి గ్రామం ఆయన జన్మస్థలం. తండ్రి మాడన్ ఆశాన్, తల్లి కుట్టియమ్మ. ఆశాన్ అనగా మలయాళంలో ఉపాధ్యాయుడు. తండ్రి పల్లెలో పిల్లలకు చదువు చెప్పేవారు. మేనమామ కృష్ణన్ వైద్యర్ ఆయుర్వేదం ఎరిగినవారు. బాలునికి నారాయణుడని పేరు పెట్టి నాణు అని పిలుచుకొన్నారు. ఇంట ప్రాథమిక విద్య ముగిసిన పిదప, యౌవనంలో కాయంకుళం ప్రాంతానికి వెళ్ళి రామన్ పిళ్ళ ఆశాన్ అను పండితుని వద్ద సంస్కృత కావ్య నాటకాలు, వ్యాకరణం, తర్కం అభ్యసించినారు. తర్కశాస్త్రంలో ఆనాడు పొందిన శిక్షణ ముందు ముందు ఎట్లు ఉపయోగపడినదో తరువాత చూడగలము.

చదువు ముగించి వచ్చిన నాణు స్వగ్రామ పరిసరాలలో బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పినారు. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించిన 1881 ప్రాంతం నాటి మాట ఇది. జనులు ఆయనను నాణు ఆశాన్ అని పిలిచినారు. కాబట్టి గురువుగా, స్వామిగా ప్రసిద్ధి పొందుటకు ముందే ఆయన బడిపంతులు. బంధువుల ఒత్తిడిచేత వివాహం జరిగినది గాని సంసారబంధం నిలువలేదు. ఇల్లు విడిచి దేశాటనం సాగించినారు. ఆ రోజులలోనే చట్టంపిస్వామి అని పేరు పొందిన నాయరు కులజులైన జ్ఞాని స్నేహం లభించినది. తైక్కాడు అయ్యావుగారి వద్ద యోగాభ్యాసం నేర్చినారు. కన్యాకుమారికి చేరువలోని మరుత్వామల గుహలో కొంతకాలం ఏకాంతంగా తపస్సు చేసినారు. జాలరుల పల్లెలలో తిరిగి, పెట్టినవారి చేతి కూడు కులమత భేదం లేకుండ తిన్నారు. లోకాన్ని విడిచిన సన్యాసులు మన దేశంలో అనేకులు. ఈయన మాత్రం గుహలో తెలిసికొన్నదానిని వెంటబెట్టుకొని లోకంలోకి తిరిగివచ్చినారు.

అరువిప్పురం శివుడు

తిరువనంతపురానికి దక్షిణాన నెయ్యారు నది ఒడ్డున అరువిప్పురమను చోటు కలదు. నది రాళ్ళ మధ్య దూకి ప్రవహించే నిర్జనప్రదేశమది. ఆయన అచ్చట నివసింపగా దీనులు, రోగులు, జిజ్ఞాసువులు చుట్టుప్రక్కల నుండి వచ్చుట ప్రారంభమైనది. తమకు కొలుచుకొనుటకు ఒక గుడి లేదని వారు మొరపెట్టుకొన్నారు. 1888వ సంవత్సరం మహాశివరాత్రినాటి రాత్రి ఆయన నదిలో మునిగి ఒక శిలను పైకి తెచ్చి, ఒక బండపై శివలింగంగా ప్రతిష్ఠించినారు. గోపురం లేదు, ప్రాకారం లేదు. ఆకులు, పూలు కట్టిన చిన్న పందిరి మాత్రమే.

దేవతాప్రతిష్ఠ బ్రాహ్మణులకే చెల్లునని శాసించిన కాలమది. ఈళవునికి ఈ అధికారం ఎక్కడిదని ప్రశ్నించినవారికి, తాను ప్రతిష్ఠించినది ఈళవుల శివుని మాత్రమే గదా అని ఆయన ప్రశాంతంగా బదులిచ్చినారని ప్రసిద్ధి. ఆ బదులులో కోపం లేదు, క్షమాపణ అంతకన్న లేదు. దేవునికి కులం అంటగట్టినవారి అవివేకాన్ని వారి మాటతోనే వారికి చూపించిన చమత్కారమది. పిమ్మట అచ్చట వ్రాయించిన శాసనం మాత్రం ఒక కులానికి సంబంధించినది కాదు. కులభేదం, మతద్వేషం లేకుండ సర్వజనులు సోదరులవలె మెలగే ఆదర్శస్థానం ఇది అని దాని భావం. చమత్కారం ఆక్షేపించినవారికి, శాసనం రాబోయే తరాలకు.

అద్వైతికి శిలతో పనియేమని ఎవరైనను అడుగవచ్చును. ఆయనకు పని లేదు. కాని తలుపు మూసివేయబడినవానికి, ఆ తలుపు వెనుక నున్నది అనవసరమని చెప్పుట ధర్మం కాదు. ముందు తలుపు తెరువవలెను. లోపలికి వెళ్ళి చూచిన పిదప అవసరమో కాదో వాడే తేల్చుకొనగలడు. నారాయణగురు ఈ క్రమాన్ని ఎరిగి నడచుకొన్నారు.

సంఘం, దాని నీడ

అరువిప్పురం గుడి నిర్వహణకు ఏర్పడిన చిన్న సంఘం పెరిగి 1903లో శ్రీ నారాయణ ధర్మపరిపాలన యోగమైనది. దాని వెనుక మరి ఇద్దరి కృషి కలదు. ఒకరు డాక్టర్ పల్పు. వైద్యవిద్యలో పట్టం పొందినను ఈళవుడైన కారణాన స్వరాజ్యమైన తిరువాంకూరులో ఉద్యోగం దొరకక మైసూరు సంస్థానంలో కొలువు చేసినవారు. 1896లో పదమూడు వేలకు పైబడిన సంతకాలతో తమ వారికి విద్య, ఉద్యోగాలు కావలెనని తిరువాంకూరు మహారాజునకు మహజరు సమర్పించినవారు. రెండవవారు మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్. గురువుగారే ఆయనలోని ప్రతిభను గుర్తించి చదువు కొరకు బెంగుళూరుకు పంపినారు. ఆ చదువు మద్రాసు, కలకత్తాలలో కొనసాగినది. ఆశాన్ యోగానికి కార్యదర్శియై పదునారేండ్లు పనిచేసినారు. గురువుగారు శాశ్వతాధ్యక్షులు. ఒక ఆచార్యుడు, ఒక వైద్యుడు, ఒక కవి కలిసి ఒక జాతిని మేల్కొలిపిన ఈ ఉదాహరణ భారతీయ సంస్కరణ చరిత్రలో అరుదైనది.

గురువుగారు ఇతరులను నిందించుటకు ముందు తనవారి తప్పులు సవరించినారు. బాలికలకు జరిపే తాళికట్టు తతంగం, రజస్వలోత్సవం మున్నగు ఆడంబరాలు కుటుంబాలను అప్పుల పాలు చేయుట చూచి వాటిని మాన్పించినారు. కొద్దిమంది సమక్షంలో తక్కువ ఖర్చుతో ముగిసే వివాహపద్ధతి నేర్పరచినారు. కల్లుగీత అనేక కుటుంబాలకు కూడు పెట్టే వృత్తియైనను, మద్యం విషమని, దానిని చేయుట, అమ్ముట, త్రాగుట మూడును విడువవలెనని బోధించినారు. తన వెంట నడిచేవారి జీవనోపాధికే అడ్డుతగిలే మాట చెప్పుటకు ఎంతటి ధైర్యం కావలెనో గ్రహింపవచ్చును. జనుల మెప్పు కోరే నాయకుడు ఆ మాట చెప్పడు.

తలశేరిలో 1908లోను, కోళిక్కోడులో 1910లోను, కన్నడదేశంలోని మంగుళూరులో 1912లోను ఆయన గుడులు వెలసినవి. కాని వాటితోపాటు ఒక నీడయు పెరిగినది. పెద్దగుడి నుండి తాము వెలివేయబడినవారే, తమ కొత్తగుడిలోనికి పులయులను రానిచ్చుటకు కొన్నిచోట్ల వెనుకాడినారు. తమకు దక్కిన గౌరవం మరొకరికి దక్కితే తగ్గిపోవునని భయపడినారు. సంఘం సభలలో మానవసమత్వం కన్న కులాభిమానం బిగ్గరగా వినవచ్చినది. 1916లో గురువుగారు డాక్టర్ పల్పుకు ఒక లేఖ వ్రాసినారు. తనకు తెలియకుండ తీర్మానాలు జరుగుచున్నవని, సంఘంలో కులగర్వం పెచ్చు పెరుగుచున్నదని, కాబట్టి మనసులో ఇదివరకే విడిచిన ఆ సంఘాన్ని ఇప్పుడు మాటచేత, చేతచేత కూడ విడుచుచున్నానని దాని సారాంశం. ఆ యేడే తాను ఏ ప్రత్యేక కులానికిగాని మతానికిగాని చెందినవాడను కానని బహిరంగంగా ప్రకటించినారు.

ఆయన జీవితంలో ఈ ఘట్టం పైపైన చదివి దాటిపోదగినది కాదు. తన పేరు పెట్టుకొన్న సంఘం, తన అధ్యక్షతలో నడిచే సంఘం, తనను దేవునివలె పూజించే సంఘం. దానిని కాదనుటకు పైకులాలను ఎదిరించుటకన్న ఎక్కువ మనోబలం కావలెను. బయటివాని అన్యాయాన్ని ఎదిరించిన వీరుని వెనుక జనం నిలుచును. లోపలివాని అహంకారాన్ని ఎదిరించినవాడు ఒంటరి యగును. ఆ ఒంటరితనాన్ని ఆయన అంగీకరించినారు.

జాతి అనగా నేమి

కులాన్ని ఖండించిన సంస్కర్తలలో పలువురు కరుణను, న్యాయాన్ని, పూర్వాచార్యుల వాక్యాలను ఆధారం చేసికొన్నారు. నారాయణగురు తర్కాన్ని ఆధారం చేసికొన్నారు. న్యాయశాస్త్రంలో జాతి అను పదానికి నిర్దిష్టమైన అర్థం కలదు. అనేక వ్యక్తులలో సమానంగా ఉండే ధర్మం జాతి. ఆవులన్నిటిలో గోత్వం ఉన్నట్లు మనుష్యులందరిలో మనుష్యత్వం కలదు. ఆవుకు గోత్వం జాతియైనచో మనిషికి మనుష్యత్వమే జాతి కావలెను గదా! బ్రాహ్మణుడు, పులయుడు అను భేదం అట్టి జాతిలక్షణానికి లోబడదు. ఏ రెండు ప్రాణులు కలిసి సంతానం కనగలవో అవి ఒకే జాతివి. ఈ పరీక్షకు నిలిచే భేదం మనుష్యులలో ఎచ్చటను కానరాదు. జాతినిర్ణయం, జాతిలక్షణం అను చిన్న కృతులలో ఆయన ఈ విచారం చేసినారు. మనుష్యులందరికి జాతి ఒక్కటే, మతం ఒక్కటే, దైవం ఒక్కటే అన్న ఆయన ప్రసిద్ధ సందేశం ఉద్రేకంలో పుట్టిన నినాదం కాదు. కాయంకుళంలో చదివిన తర్కపాఠం పండిన పంట.

ఆయన వేదాంతం శంకరుల అద్వైతమే. శంకరులు పుట్టిన కాలడికి కొలది దూరంలోని ఆలువాయిలోనే 1913లో ఈయన అద్వైతాశ్రమం స్థాపించినారు. మలయాళంలో ఆత్మోపదేశశతకం, సంస్కృతంలో దర్శనమాల ఆయన జ్ఞానానికి గీటురాళ్ళు. ఉన్నది ఒక్కటే అయినచో తన సుఖం, ఇతరుని సుఖం వేరు కాజాలవు. కాబట్టి తనకు మేలని చేసే పని ఎదుటివానికిని మేలు కావలెను. అద్వైతం నుండి ఆయన పిండిన నీతి ఇది. పరమార్థంలో అభేదం, వ్యవహారంలో భేదమని సరిపెట్టుకొనే పండితుల మార్గం ఆయనకు రుచింపలేదు.

ప్రధాన దేవాలయం

1904 ప్రాంతాన వర్కలలోని ఒక గుట్టపై ఆయన నివాసం ఏర్పరచుకొన్నారు. అదే శివగిరి. 1912లో అచ్చట ప్రతిష్ఠించిన దేవత శారద, చదువుల తల్లి. ఆ గుడికి గాలి, వెలుతురు వచ్చేటట్లు కిటికీలుంచినారు. అభిషేకాలు, నైవేద్యాలు లేవు. నదిలోని శిలకు పందిరి వేసిన 1888 నుండి శారదకు కిటికీలు పెట్టించిన 1912 వరకు ఆయన భావం ఎటు నడచుచున్నదో ఇక్కడ స్పష్టమగుచున్నది.

1917లో ఆయన ఆ భావాన్ని విడమరచి చెప్పినారు. ఇక మీదట గుడులు కట్టుటకు జనులను ప్రోత్సహింపనక్కరలేదని, గుడికని ధనం వ్యయం చేసి తరువాత పశ్చాత్తాపపడుట కన్న ఆ ధనంతో బడులు పెట్టుట మేలని, ప్రధాన దేవాలయం విద్యాలయమే కావలెనని ఆ సందేశ తాత్పర్యం. గుడులు పూర్తిగా వద్దనలేదు. కట్టినచో చిన్నవిగా, శుభ్రంగా ఉండవలెను. గుడి ప్రక్కన తోట, గ్రంథాలయం ఉండవలెను. సంస్కృతంలో కవితలల్లిన ఆయనయే, కాలం మారినదని గుర్తించి పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పింపుడని సలహా ఇచ్చినారు. చేతిపనులు, పరిశ్రమలు నేర్వవలెనని ప్రోత్సహించినారు. ఆలువాయిలో సంస్కృత పాఠశాల నడిపించినారు. దైవదశకమను పది పద్యాల ప్రార్థన కూర్చినారు. అందులో ఏ దేవుని పేరును లేదు. ఏ మతపు పిల్లవాడైనను ఇబ్బంది లేకుండ చదువదగిన ప్రార్థన అది.

తరువాతి ప్రతిష్ఠలు ఇంకను విశేషమైనవి. త్రిశ్శూరు ప్రాంతంలోని కారముక్కులో విగ్రహానికి బదులు దీపం వెలిగించినారు. మురుక్కుంపుళలో సత్యం, ధర్మం, దయ, శాంతి అను అక్షరాలను ప్రతిష్ఠించినారు. 1927లో కళవంకోడములో నిలిపినది అద్దం. శిల, శారద, దీపం, అక్షరం, అద్దం. ఈ వరుసలో ఒక ఉపాధ్యాయుని పాఠక్రమం కానవచ్చును. చేత తాకదగినదానితో ప్రారంభించి, తెలిసికొనదగినదాని మీదుగా, తనను తాను చూచుకొనుటకు విద్యార్థిని చేర్చిన క్రమమది. గుడికి వచ్చిన భక్తునికి గర్భాలయంలో తన ముఖమే కనిపించినపుడు, అంటరానితనాన్ని ఎక్కడ పెట్టుకొనగలడు?

వైకం, శివగిరి

1924 మార్చి 30న వైకంలో సత్యాగ్రహం ప్రారంభమైనది. శివాలయం చుట్టునున్న బాటలలో నడచుటకు అవర్ణులకు హక్కు కావలెనని కోరిక. గురువుగారి శిష్యుడైన టి. కె. మాధవన్ ఆ ఉద్యమానికి మూలపురుషులలో ఒకరు. దారికి అడ్డు పెట్టిన కంచెను దాటి ముందుకు నడువవలెనన్న అభిప్రాయం గురువుగారు వెలిబుచ్చినట్లు ఒక సంభాషణ ప్రచురితం కాగా, అది సత్యాగ్రహ ధర్మానికి తగదని గాంధీజీ వ్యాఖ్యానించినారు. ఇద్దరి మధ్య భేదం పద్ధతిలోనే గాని లక్ష్యంలో కాదు. సత్యాగ్రహుల శిబిరానికి గురువుగారు తమ మఠానికి చెందిన స్థలం ఇచ్చినారు. వేయి రూపాయల విరాళమిచ్చి, 1924 సెప్టెంబరులో స్వయంగా వైకం వెళ్ళి వారిని ఆశీర్వదించినారు.

ఆ యేటి శివరాత్రికే ఆలువాయిలో సర్వమత సమ్మేళనం జరిపించినారు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సదాశివయ్యరు దానికి అధ్యక్షత వహించినారు. ఇది వాదించి గెలుచుటకు ఏర్పరచిన సభ కాదని, తెలిసికొని తెలియజేయుటకు ఏర్పరచిన సభ అని ద్వారంవద్ద వ్రాయించినారు. కులబాధ పడలేక కొందరు ఈళవులు బౌద్ధంలోనికో క్రైస్తవంలోనికో మారవలెనని తీవ్రంగా చర్చించుకొనుచున్న రోజులవి. మతం ఏదైనను మనిషి బాగుపడుట ముఖ్యమని ఆయన నిశ్చయం. ఆయన శిష్యుడు సహోదరన్ అయ్యప్పన్ 1917లోనే ఈళవులను పులయులతో కలిపి సహపంక్తి భోజనం చేయించి వెలికి గురియైనవాడు. పిమ్మట దైవాన్ని కూడ నిరాకరించినవాడు. అట్టి నాస్తికుని కూడ గురువుగారు దూరం చేసికొనలేదు.

రవీంద్రనాథ ఠాకూరు 1922 నవంబరులో, గాంధీజీ 1925 మార్చిలో శివగిరికి వచ్చి ఆయనను దర్శించినారు. గాంధీజీ నాటికి వర్ణధర్మంపై విశ్వాసం విడువలేదు. ఒకే చెట్టు ఆకులన్నియు ఒక్కతీరున ఉండవన్న భావం ఆయన సూచింపగా, ఆ ఆకులను నమిలి చూచినచో రసం ఒక్కటేనని గురువుగారు బదులు చెప్పినారని ప్రసిద్ధమైన గాథ కలదు. అణగారిన కులాల పిల్లలు శివగిరిలో శుచిగా ప్రార్థన చదువుట గాంధీజీ స్వయంగా చూచినారు. ఉపన్యాసాలకన్న ఆ దృశ్యమే గురువుగారి పక్షాన బలమైన సాక్ష్యం.

1925 చివరకు వైకంలో మూడువైపుల బాటలు అందరికి తెరువబడినవి. 1928 జనవరిలో కొట్టాయంలోని నాగంపడం గుడివద్ద, శివగిరికి తీర్థయాత్ర జరుపుకొనుటకు అనుమతి నీయుమని భక్తులు అర్థించినారు. ఆ యాత్రవల్ల ప్రయోజనమేమని ఆయన ప్రశ్నించి, ఎనిమిది విషయాలు చెప్పినారు. విద్య, శుచిత్వం, దైవభక్తి, సంఘటన, వ్యవసాయం, వర్తకం, చేతిపనులు, సాంకేతిక శిక్షణ. ఈ ఎనిమిదింటిపై తెలిసినవారిచేత ఉపన్యాసాలిప్పించి, యాత్రికులు విని, ఊరికి తిరిగివెళ్ళి ఆచరింపవలెను. పసుపురంగు బట్టలకని పట్టువస్త్రాలు కొనవలదని, కట్టుకొనే నూలుబట్టనే పసుపునీట ముంచితే చాలునని హెచ్చరించినారు. తీర్థయాత్రను కూడ బడిగా మార్చిన ఆచార్యుడాయన. 1928 సెప్టెంబరు 20న శివగిరిలోనే దేహం చాలించినారు. యాత్ర నేటికిని డిసెంబరు 30 మొదలు జనవరి 1 వరకు సాగుచున్నది.

ఎనిమిదేండ్ల తరువాత, 1936 నవంబరు 12న తిరువాంకూరు మహారాజు ప్రభుత్వ దేవాలయాలు హిందువులందరికి తెరచినట్లు ప్రకటించినారు. ఆంధ్ర జిల్లాలు కూడ చేరి ఉండిన మద్రాసు రాష్ట్రంలో 1939లోను, 1947లోను ఆలయప్రవేశ శాసనాలు వచ్చినవి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగం పదునేడవ అధికరణంచేత అంటరానితనాన్ని రద్దుచేసినది.

నేటికి ఆయన అవసరం

శాసనంచేత గుడి తలుపు తెరువబడినది. బాట అందరిదైనది. ఇక నారాయణగురుతో పనియేమని అడిగేవారికి 1916 నాటి లేఖయే సమాధానం. ఆయన చివరి పోరాటం మూసిన తలుపుతో కాదు, తెరచిన తలుపులో నిలుచుండి వెనుకవానిని అడ్డగించే మనసుతో. ఆ మనసు ఈనాడును పోలేదు. కులం పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన దుస్థితి పోవుట మంచిదే. కాని దాని స్థానంలో కులం పేరు చెప్పి గర్వించే స్థితి వచ్చినచో నిచ్చెన మెట్లు మారినవే గాని నిచ్చెన పోలేదు. మహాపురుషులను సైతం కులాలవారీగా పంచుకొని, ఎవరి విగ్రహానికి వారే పూలమాలలు వేసుకొనే ఆచారం మన ఊళ్ళలోను కలదు. తనకు కులం లేదని ప్రకటించిన గురువును కూడ ఒక కులానికి కట్టివేసినచో, ఆయన విడిచివెళ్ళిన సంఘాన్నే మరల ఆయన నెత్తిన పెట్టినట్లగును.

ఈ బంధం విప్పగల చోటు ఆయన దృష్టిలో బడి. విద్యాలయం ప్రధాన దేవాలయమన్న మాట వినుటకు ఇంపైనది. కాని ఆ మాట బడిపై పెట్టే బాధ్యత తేలికైనది కాదు. ఆయన గుడికి పెట్టిన నియమాలే బడికిని వర్తించును. లోపల గాలి, వెలుతురు ఉండవలెను. శుభ్రత ఉండవలెను. ఆడంబరం ఉండరాదు. వచ్చినవానిని ఎవరివాడవని అడుగరాదు. పిల్లలు తరగతిలో ఏ బల్లపై కూర్చుండుచున్నారు, భోజనవేళ ఎవరితో కలిసి తినుచున్నారు, ఏ పేరుతో ఒకరినొకరు ఎగతాళి చేయుచున్నారు అన్నవి ఉపాధ్యాయునికి పాఠ్యపుస్తకమంత ముఖ్యమైన విషయాలు. వాటిని చూచియు చూడనట్లు ఊరకుండే బడి, ఎంత మంచి ఫలితాలు సాధించినను, ఆయన చెప్పిన దేవాలయం కాజాలదు.

విద్యార్థికిని ఆయన జీవితంలో పాఠం కలదు. తర్కం, వ్యాకరణం పరీక్షలకొరకు చదివే విషయాలని ఆయన అనుకొనలేదు. జాతి అను ఒక్క శబ్దానికి శాస్త్రం చెప్పిన అర్థాన్ని గట్టిగా పట్టుకొని, వేయేండ్ల దురాచారాన్ని దానితో పరీక్షించినారు. చదివినదానిని నమ్మి దాని ప్రకారం నడచుకొనుటయే ఆయన చూపిన అద్వైతం. అరువిప్పురంలో శిల నిలుపుటకు ముందు ఆయన పల్లెబడి పంతులు. గుడులు చాలునని చెప్పిన తరువాత ఆయన మరల ఆ బడిని గూర్చియే మాట్లాడినారు. ఆ పని ఆయనతో ముగియలేదు. అది ఈనాడు తరగతిగదిలో నిలిచి పాఠం చెప్పేవారి చేతిలోను, ఎదుట కూర్చుండి వినేవారి చేతిలోను ఉన్నది.